మొదటి పేజీలో శ్రీరామ

మా ఇంట్లో నాకు రాత నేర్పింది అమ్మ, లెక్కలు నేర్పింది నాన్న. ఆ రెండు చదువులూ కలిసి, ముప్ఫై ఏడేళ్ల వయసులో నన్ను ఇంటర్ బీజగణితంలో దాదాపు ముంచేశాయి.

నాన్నది వంట పని. కడప జిల్లాలో పెళ్లిళ్లకూ గుళ్లలో సంతర్పణలకూ వండేవారు. ఈ నెల ఒక ఊరు, వచ్చే నెల ఇంకో ఊరు. ఏ బడిలోనూ నా పేరు నిలిచేది కాదు. అందుకని పొయ్యి పక్కనే నా చదువు. నలభై మందికి కిలో కందిపప్పు అయితే ఆరు వందల మందికి ఎంతని అడిగేవారు నాన్న. చేతులు తడిగా ఉండేవి కాబట్టి కాగితం అనేదే లేదు. ఎసరు మరిగేలోగా జవాబు నోటితో చెప్పాలి. ఎలా వచ్చిందని ఆయన ఎన్నడూ అడగలేదు. తప్పయితే సాంబారు చెబుతుంది కదా అనేవారు.

అమ్మది వేరే పద్ధతి. పలక మీదైనా, నోటు పుస్తకంలోనైనా, కిరాణా చీటీలోనైనా పైన శ్రీరామ అని రాయకుండా కింద అక్షరం పడకూడదు. రాయడం అయ్యాక చివర శుభం అని రాసి కళ్లకద్దుకోవాలి. పాల లెక్క రాసే క్యాలెండరు మీద కూడా ప్రతి నెలా ఒకటో తారీఖు పైన మా ఇంట్లో శ్రీరామ ఉంటుంది. ఇంట్లోనే చదువుకుని పదో తరగతి ప్రైవేటుగా పాసయ్యాను. ఆ దస్తూరీ ఇచ్చిన అమ్మకూ, ఆ లెక్క ఇచ్చిన నాన్నకూ రోజూ దీపం ముందు దణ్ణం పెట్టుకుంటాను. కాకపోతే నా విద్యల మీద ప్రభుత్వానికి కొన్ని అభ్యంతరాలు ఉన్నాయని చాలా ఆలస్యంగా తెలిసింది.

మేము గచ్చిబౌలిలో ఉంటాం. మావారు ఒక కంపెనీ ఉద్యోగులను తీసుకెళ్లే బస్సు నడుపుతారు. నేను ఇంకో ఆఫీసు ఆవరణలో ఉన్న పిల్లల సంరక్షణ కేంద్రంలో ఆయాగా ఉండేదాన్ని. తల్లులు పైన ఎనిమిదో అంతస్తులో మీటింగుల్లో ఉంటే, వాళ్ల పిల్లలు కింద నా కొంగు పట్టుకుని కథలు చెప్పించుకునేవారు. ఒకరోజు అక్కడి పెద్ద మేడమ్ పిలిచి, జూన్‌లో టీచరు పోస్టు ఖాళీ అవుతోందండి, పిల్లలు మీ మాటే వింటున్నారు, మీకే ఇవ్వాలని ఉంది, కానీ ఇంటర్ పాసై ఉండాలని రూలు అన్నారు. జూన్ దాకా ఆగుతాను, ఆ తర్వాత నా చేతుల్లో లేదు అని కూడా చెప్పారు. అలా నేను ఓపెన్ ఇంటర్‌లో చేరాను. ఇవతల నేను, అవతల ఆ ఉద్యోగం, మధ్యలో బీజగణితం. మిగిలిన సబ్జెక్టులంటే నాకు భయం లేదు.

కూకట్‌పల్లిలో ఒక కాలేజీలో ఆదివారాలు క్లాసులు. కిటికీ పక్కనుంచి మెట్రో పోయినప్పుడల్లా సారు నోరు మూసుకుని బోర్డు మీద గీత గీసేవారు, అది పోయాక మళ్లీ అందుకునేవారు. నా బెంచీలో పక్కన కూర్చునే ఆమె ఒక ఐటీ కంపెనీ క్యాంటీనులో సూపర్‌వైజరు. చేవెళ్ల దగ్గరి మనిషి, నాకంటే పదేళ్లు చిన్నది. మొదటి రోజే నన్ను అక్కా అంది. రెండో రోజుకే నా టిఫిన్ డబ్బా మూత తనే తీసింది.

మొదటి స్లిప్ టెస్టులో ఒక వర్గ సమీకరణం ఇచ్చి మూలాలు కనుక్కోమన్నారు. చూడగానే జవాబు తెలిసింది. మొత్తం పది, లబ్ధం ఇరవై ఒకటి రావాలి, ఇంకేముంది? పైన శ్రీరామ, దాని కింద మూడు, ఏడు, చివర శుభం. ఇచ్చేసి కూర్చున్నాను. అందరికంటే ముందు ఇచ్చానని కొంచెం గర్వం కూడా కలిగింది, దానికి వెంటనే మనసులో లెంపలేసుకున్నాను.

సారుది వరంగల్ వైపు. కాగితం పట్టుకుని నా బెంచీ దగ్గరికే వచ్చారు.

"అమ్మా, జవాబు కరెక్టే. కానీ ఎట్లొచ్చింది? ఆకాశంలకెళ్లి పడ్డదా?"

మనసులో చేశానని చెప్పాను.

"నీ మనసు దిద్దేటోనికి కనపడదు తల్లీ. ఆయనకు స్టెప్పులే కనపడ్తయ్. స్టెప్పుకు మార్కు. జవాబుకు ఉత్త అర మార్కే."

ఆ అర మార్కు వేసి వెళ్లబోతూ ఆగారు. కాగితం పైన వేలు పెట్టి, అంతకంటే మెల్లగా ఇంకో మాట చెప్పారు. పబ్లిక్ పరీక్షలో ఇది రాయకూడదట. దేవుడి పేరు, ఫోన్ నంబరు, ఏ గుర్తయినా సరే, పేపరు ఎవరిదో తెలిసేలా ఉంటే మాల్‌ప్రాక్టీస్ కింద రాస్తారట. ఆ పేపరు ఇక దిద్దరట.

ఆ రోజు నుంచి నాకు రెండు పనులు పడ్డాయి. ఒకటి, తెలిసిన జవాబును తెలియనట్టు నటిస్తూ మెట్టు మెట్టుగా రాయడం. రెండు, నా చేతిని పట్టుకోవడం. మొదటిది నెమ్మదిగా వచ్చింది. ప్రతి లెక్కా ఏదో ఒకటి అనుకొనుము అంటూ మొదలవడం నాకు బాగా నచ్చింది కూడా. కనపడని దాన్ని ఉందని అనుకుని, దానికో పేరు పెట్టి, చివరి దాకా నమ్మి నడిస్తే అదే బయటపడుతుంది. ఇందులో నాకు కొత్తేమీ అనిపించలేదు. సంకీర్ణ సంఖ్యలు వచ్చినప్పుడు క్లాసంతా అసలు లేని సంఖ్యను ఎలా నమ్ముతాం సార్ అని గొడవ పెట్టింది. నేను మాత్రం బుద్ధిగా రాసుకున్నాను.

ప్రస్తారాల దగ్గర ఒకసారి నోరు జారాను. ఆరుగురు అబ్బాయిలు, ఆరుగురు అమ్మాయిలు, ఏ ఇద్దరు అమ్మాయిలూ పక్కపక్కన రాకుండా ఒక వరుసలో ఎన్ని రకాలుగా కూర్చోబెట్టవచ్చు అన్నది లెక్క. సారు నన్ను లేపి అడిగారు. మా పంక్తుల్లో అయితే ఒకటే రకం సార్, మగపెళ్లివారు ముందు అనేశాను. క్లాసు నవ్వింది. సారు మాత్రం నవ్వకుండా, మిగిలిన ముప్ఫై ఆరు లక్షల పైచిలుకు రకాలు కూడా చూడమని నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు.

రెండో పని అసలు రాలేదు. శ్రీరామ రాయనని ఒట్టు పెట్టుకునేదాన్ని, చూస్తే పేజీ పైన ఉండేది. పక్కనామె గిల్లడం మొదలుపెట్టింది. నేను కొత్త పేజీ తిప్పితే చాలు, గిల్లు. "ఏందక్కా, గిట్ల జేస్తే నువ్వు పంతులమ్మవు ఎట్లయితవ్?" అనేది. చివరికి ఇద్దరం ఒక దారి కనిపెట్టాం. ముందు బెంచీ మీద వేలితో శ్రీరామ రాసుకోవాలి, తర్వాత పెన్ను తీయాలి. నెల రోజుల్లో అలవాటైంది. గిల్లిన చోట మచ్చలు మానాయి.

పరీక్ష లింగంపల్లిలో ఇంకో కాలేజీలో పడింది. పక్కనామెకు కింది అంతస్తు, నాకు పైది. బెంచీ మీద వేలితో రాసుకున్నాను. హాల్ టికెట్ నంబరు వేశాను. ప్రశ్నపత్రం ఇచ్చారు. మొదటి ప్రశ్న నేను ముందు రోజు రాత్రి చేసిందే. రెండోదీ వచ్చు. ఏడు మార్కుల ప్రశ్నల్లో నా పన్నెండు మంది అబ్బాయిలూ అమ్మాయిలూ కూర్చోవడానికి ఎదురు చూస్తున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రీ, ఎంత దయ అనుకున్నాను. అనుకుంటూ పెన్ను ఎత్తి చూసేసరికి మొదటి పేజీ పైన, అమ్మ నేర్పిన దస్తూరీలో, గుండ్రంగా, శ్రీరామ.

నన్ను గిల్లే మనిషి కింది అంతస్తులో ఉంది.

చెయ్యి ఎత్తాను. ఇన్విజిలేటర్ మేడమ్ వచ్చారు. తలకు నల్ల స్కార్ఫ్ చుట్టుకున్న ముస్లిం ఆవిడ, నా వయసే ఉంటుంది. పేజీ చూపించాను.

"జర ఫికర్ చేయకండి. అడ్డంగా గీత కొట్టి పక్కన రఫ్ అని రాయండి. అయిపోతది."

పెన్ను పేజీ మీదికి తీసుకెళ్లాను. రా అక్షరం మీద దాన్ని ఆన్చాను. చెయ్యి కదల్లేదు. జూన్‌లో ఉద్యోగం, ఆయా గౌను తీసేసి చీరతో పిల్లల ముందు నిలబడటం, మావారు బస్సులో అందరికీ చెప్పుకోవడం, అన్నీ ఒక్క గీత అవతల ఉన్నాయి. నేను ఆ గీత గీయలేకపోయాను.

"మేడమ్, ఈ పేరు నేను కొట్టేయలేను. మీరే కొట్టేయండి, పుణ్యముంటుంది."

ఆవిడ నా పెన్ను తీసుకున్నారు. పేజీని చూశారు, నన్ను చూశారు. పెన్ను తిరిగి నా చేతిలో పెట్టేశారు.

"మా వాళ్ల పేరైతే నేను కొట్టను. మీ వాళ్ల పేరు అసలే కొట్టను. రండి, సూపరింటెండెంట్ సార్ దగ్గరికి పోదాం."

పక్క గది సారును మా గది చూడమని చెప్పి ఆవిడ నా జవాబు పుస్తకం తీసుకున్నారు, నేను పెన్ను బెంచీ మీద వదిలేసి, ప్రశ్నపత్రం చేత్తో పట్టుకుని వెనకే వెళ్లాను. సూపరింటెండెంటు గారు భారీ మనిషి, నుదుట రూపాయంత కుంకుమ బొట్టు. ఆవిడ విషయం చెప్పగానే, ఇంత చిన్న దానికి ఇంత దూరం రావాలా అని విసుక్కుంటూ ఎర్ర పెన్ను మూత తీశారు. పేజీ మీదికి వంగారు. అక్కడున్నది చదివారు. పెన్నుకు మూత పెట్టారు.

"మా ఇద్దరు బిడ్డల రిజల్ట్స్ ఇంక రాలేదు" అన్నారు ఎవరితోనో అన్నట్టు. తర్వాత నీళ్లిచ్చే ఆయాను పిలిచి కొట్టేయమన్నారు. ఆమె పేజీ చూసి, నాకు చదువు రాదు సార్ అంది. చదవక్కర్లేదు, గీత గీస్తే చాలన్నారు ఆయన. ఏముందో తెలవకుండ ఎట్ల గీస్త సార్ అని, ఏముందో తెలిశాక రెండు చెంపలూ వేసుకుని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇక కొత్త జవాబు పుస్తకం ఇవ్వడమే దారి అని తేల్చారు. పాడైన వాటి బదులు ఇవ్వడానికి కొన్ని ఉంటాయట. కానీ రిజిస్టరులో కారణం రాయాలి. సిరా పడిందని రాస్తానన్నారు సారు. పడలేదు కదండీ, అబద్ధం వద్దండీ అని నేను అన్నాను. నాకు సహాయం చేస్తున్న మనిషికి నేనే అడ్డం పడుతున్నానని తెలుసు. ఆయన నన్ను ఒక చూపు చూసి, "అభ్యర్థి లెక్కకు సంబంధం లేని మాట రాసినది" అని రాయబోయి, సంబంధం లేని దగ్గర ఆగిపోయారు. దేవుడికి సంబంధం లేనిది ఏముంటుందని ఆయన సందేహం. మేడమ్ ఒక మాట చెప్పారు, అది ఆయనకు నచ్చలేదు. ఆయన ఒకటి చెప్పారు, అది మేడమ్‌కు నచ్చలేదు.

ఈ చర్చ జరిగినంత సేపూ నేను గోడ పక్కన నిలబడ్డాను. కాగితం లేదు, పెన్ను లేదు, చేతిలో ప్రశ్నపత్రం మాత్రం ఉంది. మరి నేను నాన్న కూతుర్ని. ఒకటో ప్రశ్న మనసులో చేశాను. రెండోది చేశాను. పాక్షిక భిన్నాలు విడదీశాను. ఆరుగురు అబ్బాయిలను కూర్చోబెట్టి, మధ్యా, రెండు చివర్లా కలిపి ఏడు ఖాళీల్లో ఆరుగురు అమ్మాయిలను సర్దాను. చివరికి మేడమ్, "అభ్యర్థి అలవాటు ప్రకారం రాసినది" అని రాయమన్నారు. దానికి అందరం ఒప్పుకున్నాం. అప్పటికి నేను పేపరంతా ఒకసారి ముగించి, రెండో ప్రశ్న మళ్లీ సరిచూస్తున్నాను.

సూపరింటెండెంటు గారు నా పాత పుస్తకాన్ని కుర్చీలో పడేయబోయి, ఆగి, బీరువా పై అరలో పెట్టారు. కొత్తది ఇస్తూ, నలభై నిమిషాలు పోయినయమ్మా, టైమ్ మాత్రం పెంచరాదు అన్నారు.

తిరిగి వచ్చి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మొదటి మాట రాశాను. అనుకొనుము. ఇక ఆగలేదు. జవాబులన్నీ తలలో ఉన్నాయి, మెట్లు వేసుకుంటూ వాటి దగ్గరికి వెళ్లడమే పని. ఆఖరి గంటకు రెండు నిమిషాల ముందు ముగించాను. మేడమ్ పుస్తకం తీసుకుంటూ, ఒక్క పేజీ తిప్పి, పైన చూసి, తల ఊపారు. ఆవిడకు రెండు చేతులూ జోడించాను. ఆవిడ పేరు అడగడం మరిచిపోయాను. దేవుడికి తెలుసులే అనుకుంటాను.

స్టేషన్లో రైలు కోసం నిలబడ్డప్పుడు పక్కనామెకు ఇదంతా చెబుతున్నాను. చెబుతూ చెబుతూ ఆగిపోయాను.

"చివరి పేజీలో శుభం రాశాను."

ఆమె బొట్టు మీది చెమట తుడుచుకుని ఆలోచించింది.

"శుభం అంటే దేవుడు కాదక్కా. పాత సినిమాలు అయిపోయినంక ఏస్తరు గదా, గదే."

ఆ మాట పట్టుకునే ఫలితాలు వచ్చే దాకా బతికాను. సారును అడిగితే, దిద్దేటోడు సినిమా పిచ్చోడైతే రెండు మార్కులు ఎక్కువే పడ్తయ్ అన్నారు. ఆయన గొంతులో మాత్రం నాకు ధైర్యం వినపడలేదు. జూన్ దగ్గరపడింది. పిల్లల కేంద్రంలో మేడమ్ నన్ను చూసినప్పుడల్లా క్యాలెండరు వైపు చూసేవారు. నేను గోడ మీది దేవుడి పటం వైపు చూసేదాన్ని.

పాసయ్యాను. బీజగణితంలో అరవై నాలుగు. మార్కుల మెమో మేడమ్ బల్ల మీద పెట్టే ముందు, దాని మీద ఏమీ రాయకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. మరుసటి సోమవారం నుంచి నేను టీచర్ని.

ఆ ఆదివారం బూందీ లడ్డు చేసి క్లాసుకు తీసుకెళ్లాను, నాన్న చేసే పద్ధతిలో. సారు ఒకటి తిని రెండోది తీసుకుంటూ, మస్తుగుందమ్మా, ఎట్ల చేసినవ్ అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను. శనగపిండి ముందు జల్లించాలి, జారుగా కలపాలి, అరగంట నానాలి, నూనె కాగిందో లేదో ఒక చుక్క వేసి చూడాలి, అప్పుడు జల్లెడ గరిటె ఎత్తి పట్టుకుని...

సారు లడ్డు చేత్తో పట్టుకుని క్లాసు వైపు తిరిగారు.

"చూసిన్రా? స్టెప్పులు ఈమెకు మొదట్నుంచే వచ్చు. మనకే చూపియ్యలే."