నాపరాయి మీద పత్తాకు

కిందటేడు మిరప కోతలప్పుడే నాకు ఉలి పట్టాలని బుద్ధి పుట్టింది. పుట్టిందంటే ఆగే రకం కాదు నేను. సత్తెనపల్లి దగ్గర ఒక శిల్పి గారి పాకలో చేరాను. మొదటి పాఠంగా నాపరాయి పలక అంచున ఆకుల తీగ ఉబ్బెత్తుగా లేపాలి. అందరూ తామరాకులు చెక్కుతుంటే నేను పత్తాకు చెక్కుతానన్నాను. పుట్టినప్పటి నుంచీ మా పత్తి చేలో చూస్తున్న ఆకే గదా అని ధీమా.

నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలిని వాల్చి మెల్లగా తట్టాలి, నిలబెట్టి కొడితే పొర లేచిపోతుంది. మెల్లగా అన్న మాటే నాకు పడదు. పైగా ఆ రోజు కల్లంలో మిరపకాయలు ఆరబోసి వచ్చాను, పడమట మబ్బు పట్టింది. ఒక దెబ్బ కొట్టడం, బయటికి తొంగిచూడటం. చివరికి ఇంటికి ఫోన్ చేసి, కాయల మీద పట్టాలు కప్పండని అరిచి, అదే ఊపులో సుత్తి దించాను. ఆకు కొస పెచ్చులా ఎగిరిపోయింది.

శిల్పి గారు వంగి చూశారు.

"ఏమయ్యా, ఏ చేలోదీ ఆకు? మందు కొట్టలేదా?"

పాకలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. రాయి మార్చనన్నాను. చుట్టూ ఆకు మట్టాన్ని కాస్త లోతుకు దించి, విరిగిన అంచును కొరుకుతున్నట్టు ఒక లద్దెపురుగును చెక్కడానికి కూర్చున్నాను. అది ఎక్కడ లావో, ఎక్కడ వంగుతుందో నాకు ఒకరు చెప్పాలా? వాన పడిందో లేదో కూడా చూడలేదు.

సాయంత్రం ఆయన పురుగు వీపును బొటనవేలితో నిమిరారు.

"పురుగు బాగా కుదిరిందయ్యా. రేపు ఇంకో పలక తీసుకో, ఆకు నేర్చుకుందువు గాని."