ఆ పిల్ల బడికెళ్ళిందా?

సినిమా చూసి బయటికొచ్చిన మనిషిని ఎలా ఉందని అడిగితే, కథ తప్ప అన్నీ చెబుతాడు. పత్రికలో పనిచేసిన రోజుల్లో శుక్రవారం మార్నింగ్ షో వదిలే వేళకి హాలు గేటు దగ్గర నిలబడీ నిలబడీ ఈ సంగతి తెలుసుకున్నాను. ఫస్టాఫ్ లాగుంది, పాటలు పర్లేదు, ఒకసారి చూడొచ్చు. అభిప్రాయానికి ఎప్పుడూ కరువు లేదు. ఏం జరిగిందో చెప్పేవాళ్ళే తక్కువ.

ఈమధ్య ఒక చిన్న సినిమా వచ్చింది. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. కాలవ చివరి ఊళ్ళో, వరిచేను తవ్వించి రొయ్యల చెరువు చేసిన ఒక తండ్రి, ఆ చెరువు కాపలాకి బడి నుంచి లాగేసిన కూతురు. తాగుడు, బురద, నీళ్ళ కోసం కొట్లాటలు, నెత్తురు. కుర్రాళ్ళు దాన్ని మెచ్చుకుంటూ "రా గా, పచ్చిగా ఉంది" అంటున్నారు. పెద్దవాళ్ళు తిడుతూ అదే మాట అంటున్నారు.

హనుమాన్ జంక్షన్ అవతల పల్లెలో ఉండే మా అక్క ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆ రొయ్యల చెరువు సినిమా చూశావా?"

"చూళ్ళేదక్కా. ఏం?"

"కోడలి ఫోన్లో ముక్క చూశాలే. మీ బెజవాడలో చూసినవాళ్ళుంటే కనుక్కో. ఆ పిల్ల చివరికి మళ్ళీ బడికెళ్ళిందా, లేదా?"

అక్క సినిమాల గురించి ఎప్పుడూ ఏదీ అడగదు. అందుకని కనుక్కునే పనిలో పడ్డాను. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డ్ లెక్చరర్ గారు చూశారట. "అంత మురికి తెర మీద చూపించాలాండీ? విదేశాల్లో అవార్డుల కోసం తీస్తారు," అన్నారు. పిల్ల సంగతి అడిగితే, ఇంటర్వెల్‌కే లేచి వచ్చేశానన్నారు. మందుల షాపు కుర్రాడు మాత్రం ఆఖరిదాకా చూశాడు.

"క్లైమాక్స్ అర్థం కాలేదంకుల్. ఆ పిల్ల చెరువు మీద మోటార్ ఆపేస్తది. దూరంగా బడి గంట వినబడుద్ది. స్క్రీన్ బ్లాక్ అయిపోద్ది. అంతే."

"బడికెళ్ళిందా మరి?"

"అది మనమే అనుకోవాలంట."

ఆ మాటే అక్కకి చేరవేశాను. "మనం అనుకుంటే అయిపోద్దంట్రా?" అంది. తర్వాత, తనే చూస్తానంది.

అప్పటికి బెజవాడలో ఆ సినిమా ఎత్తేశారు, పెద్ద హీరో బొమ్మ దిగుతోందని. జంక్షన్‌లో ఒక్క మ్యాట్నీ మిగిలింది. నేను ఏలూరు బస్సు పట్టుకుని వెళ్ళేసరికే అక్క హాలు ముందు రేకుల నీడన నిలబడి ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో గొడుగు. పక్కనే మేనేజరు తల గోక్కుంటున్నాడు.

"ఇప్పటిదాకా మీరొక్కరేనమ్మా. ఈయనతో కలిపి ఇద్దరు. ఇట్టాగైతే షో వెయ్యలేం. కరెంటుకి కూడా రాదు."

"ఎంతమంది కావాలి నాయనా?"

"పదిమందన్నా ఉండాలి."

"పదిమందేగా," అని అక్క గేటు దగ్గరికి నడిచింది. పెళ్ళి మండపం గుమ్మంలో పన్నీరు చల్లే ఆడపడుచులా నిలబడి, దారిన పోయేవాళ్ళని పిలవడం మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది. ఆమెకి లేదు.

రొయ్యల మేత కొనడానికొచ్చిన మొగుడూ పెళ్ళాం మోటారుసైకిల్ ఆపారు. అతను పోస్టరు కేసి చూసి నవ్వాడు.

"ఇంటికెళ్తే చెరువు, ఇక్కడా చెరువేనాండీ? డబ్బులిచ్చి మరీనా?"

"రోజూ ఆ గట్టు మీదే పడుంటారుగా," అంది అతని భార్య. "ఒక్కరోజన్నా నా పక్కన కూర్చుని చూడండి చెరువుని."

అతను బండి స్టాండ్ వేశాడు. తర్వాత క్లాసులు ఎగ్గొట్టిన ఇంజనీరింగ్ కుర్రాళ్ళు గుంపుగా వచ్చారు. వాళ్ళలో ఒకడు ఇదివరకే చూశాడట, స్నేహితులకి చూపిద్దామని మళ్ళీ వచ్చాడు.

"సూపర్ సినిమా ఆంటీ. చదువు మానేసిన అమ్మాయి స్టోరీ."

"మానేసిందా, మాన్పించారా?" అని అడిగింది అక్క.

"రెండూ ఒకటే కదాంటీ."

"ఒకటెట్టా అవుద్ది బాబూ? నీ బండి నువ్వు ఆపుకుంటే ఒకటి. పోలీసోడు ఆపితే ఇంకోటి."

మిగతావాళ్ళు ఈలలు వేశారు. "లైసెన్సుందేంట్రా నీకు?" అని వాడి వీపు మీద చరిచారు. అక్క కూడా నవ్వింది. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మా ఇంట్లో అక్క గురించి ఎప్పుడు మాటొచ్చినా "అది ఏడులో మానేసింది" అనే చెప్పుకునేవాళ్ళు. చుట్టాలతో అదే మాట, పెళ్ళిచూపుల్లో అదే మాట. నేను పుట్టాక అమ్మ చాలాకాలం మంచం దిగలేదు. గేదెలు, వంట, ఒళ్ళో నేను, అన్నీ అక్క మీద పడ్డాయి. ఆమెని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. రేపటినుంచి వెళ్ళొద్దన్నారు, అంతే. ఏడాది తిరిగేసరికి, తనంతట తనే మానేసినట్టుగా ఆ మాట మారిపోయింది. వాక్యంలోంచి కర్త ఎలా జారిపోతాడో పత్రికలో చాలాసార్లు చూశాను. మా ఇంట్లో కూడా జారిపోయాడు.

పదిమంది నిండకపోయినా మేనేజరు జాలిపడి షో వేశాడు. ఫ్యాన్లు మాత్రం వెనక వరసల్లోనే తిరుగుతాయన్నాడు.

సినిమా బాగానే తీశారు. నెత్తురు వచ్చినప్పుడల్లా అక్క తల తిప్పుకుంది. పాటల్లో వక్కపొడి నమిలింది. ఒకచోట మాస్టారు సైకిలేసుకుని చెరువు గట్టుకి వస్తాడు. పిల్ల రావడంలేదేమని అడుగుతాడు. తండ్రి బీడీ తీసి, "దానికి చదువెక్కదండి" అంటాడు. పిల్ల అక్కడే మేత చల్లుతూ ఉంటుంది, తల ఎత్తదు. అక్క నమలడం ఆపేసింది. ఆ తర్వాత చివరిదాకా ముందుకి వంగి, ముందు సీటు పట్టుకునే కూర్చుంది.

ఆఖర్న ముసురు పట్టిన ఉదయం. చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల హోరులో ఇంకేమీ వినబడదు. పిల్ల ఉన్నట్టుండి మోటార్ ఆపుతుంది. నీళ్ళ మీద నుంచి దూరంగా బడి గంట. పిల్ల అటు తిరుగుతుంది. తెర నల్లబడిపోయింది.

లైట్లు ఇంకా వెలగకముందే రొయ్యల రైతు లేచాడు.

"ముసురులో ఏరియేటర్ ఆపితే ఇంకేమన్నా ఉందా? సరుకంతా తేలిపోద్ది! ఆ డైరెక్టరు ఏ చెరువు మీదన్నా ఉన్నాడా అసలు?"

"పిల్ల గోల వదిలేసి రొయ్యల గోలేంటండీ మీకు?"

"రొయ్యలు పోతే పిల్ల ఫీజు ఎవడు కడతాడే?"

"అది సింబాలిక్ అండీ," అన్నాడు రెండోసారి చూసిన కుర్రాడు.

"ఏ బాలిక్ అయినా ఆక్సిజన్ కావాల్సిందే బాబూ."

బయట ఎండలో కూడా ఆ వాదన ఆగలేదు. వెళ్ళే ఉంటుందని రైతు భార్య, వెళ్ళి ఉండదని కుర్రాళ్ళు. "మీరు చెప్పండి అక్కగారూ," అందామె, "వెళ్ళినట్టా, లేనట్టా?"

"నాకూ తెలీలేదమ్మా," అని అక్క గొడుగు తెరిచింది.

ఊరి ఆటో ఎక్కాక మొదలుపెట్టింది. "వెళ్ళలేదని చెప్పినా ఏడ్చి ఊరుకునేదాన్ని. వెళ్ళిందంటే సరే సరి. ఇట్టా సగంలో నిలబెట్టి పోవడమేంట్రా?"

రోడ్డుకి రెండువైపులా చెరువులే. ఒకప్పుడు ఆ దారంతా వరి ఉండేది, గింజ పాలుపోసుకునే రోజుల్లో బస్సులోకి కూడా వాసన వచ్చేది. ఇప్పుడు ఏరియేటర్లు నురగ చిమ్ముతున్నాయి. వాటి చప్పుడు మీదుగా అక్క కాస్త గొంతు పెంచింది.

"నా ఆఖరి రోజు లెక్కల పీరియడ్‌రా. మాస్టారు బోర్డు మీద ఎక్స్ అని రాశారు. ఇంగ్లీషు పీరియడ్ కాదుగా అని మేం నవ్వాం. దీని విలువెంతో మనకి తెలీదు, రేపు కనుక్కుందాం అన్నారు. ఆ రేపు నేను గేదెల దగ్గరున్నా."

అక్క నా వైపు తిరిగింది.

"ఎంతరా అది?"

"ఒక్కో లెక్కలో ఒక్కో విలువక్కా. ఇంత అని ఉండదు."

"ఉండదా?" ఆమె మొహంలో నిజంగానే నిరాశ. "ఇన్నేళ్ళూ ఏదో ఒక అంకె ఉందనుకున్నా. అందరికీ తెలిసిన అంకె, నాకొక్కదానికే తెలీనిది."

ఆటో మలుపు తిరిగింది. నాకు తెలిసినంతలో చెప్పాను. "ఎక్స్‌కి ఏడు కలిపితే పన్నెండు వచ్చింది. ఎక్స్ ఎంత?"

"ఐదు," అంది వెంటనే. నా వైపు చూసింది. "అంతేనా?"

"అంతే."

"ఇంతోటిదా అది!"

చెరువుల వైపు తిరిగి కూర్చుంది. గాలికి ఎగురుతున్న చెంగు లాగి నడుముకి బిగించింది. కాసేపటికి, అటు చూస్తూనే అంది:

"ఇంకోటి చెప్పు. ఈసారి తేలికది ఇవ్వబాక."