గట్టు కింద పసుపునీళ్లు

మా అక్క ఇల్లు పరవాడ దాటాక ఒక కొండవాలులో ఉండేది. ఆ ఇంటికి పైన, కొండమీంచి దిగే వాగు, గెడ్డకు అడ్డంగా, ఒక కాంట్రాక్టరు మట్టిగట్టు వేయించాడు. ఎవరి పొలానికో నీళ్లివ్వడానికి కాదు. ఆదివారాలు స్నేహితులను పడవెక్కించి తిప్పడానికి. స్టీలు ప్లాంటు పనులు జోరందుకున్న రోజులవి. కంకర తోలి పైకొచ్చినవాళ్లలో ఆయనొకడు. ఊటీ వెళ్లి అక్కడి చెరువులో పడవలు చూశాడట, తనకూ ఒకటి కావాలనిపించిందట. అదే చిన్నపిల్లాడైతే పూర్ణా మార్కెట్లో ప్లాస్టిక్ పడవ కొనిస్తే ఏడుపు ఆపేవాడు.

గట్టు వేసిన తీరు చూస్తే నాకు నవ్వూ ఒళ్లుమంటా కలిసి వచ్చేవి. లారీల్లో మట్టి తెచ్చి కుమ్మరించారు. అందులో తుప్పలు, వేళ్లు, చెట్ల మొదళ్లు అన్నీ ఉన్నాయి. పొరపొరగా తడిపి దిమ్మిస కొట్టించే ఓపిక ఎవరికీ లేకపోయింది. పైన మాత్రం సిమెంటు బాట, రంగుల బెంచీలు, గులాబీ కుండీలు. వాన ఎక్కువైనప్పుడు నీళ్లు పక్కనుంచి పొర్లిపోవడానికి ఒక అలుగు ఉండేది. తాను పోయించిన చేపపిల్లలు దాంట్లోంచి దిగువకు పోతున్నాయని దాన్ని కాస్తా ఇటుకలతో మూయించేశాడు. చేపల మీద ఉన్న శ్రద్ధ కింద కాపురమున్నవాళ్ల మీద లేదు.

మా బావ ఆ చెరువుకి వాచ్‌మన్. ఖాకీ బట్టలు, ఒక ఈల ఇచ్చారు. ఆ ఈల మెళ్లో పడిన దగ్గర్నుంచి బావ కళ్లు నెత్తికెక్కాయి. సొంత పిల్లలు గట్టెక్కినా ఈలే.

రెండో ఏడు వానలకి గట్టు పాదం దగ్గర నీరు ఊరడం మొదలైంది. మట్టిగట్టన్నాక కాస్త ఊట ఉంటుంది. తేటగా ఉన్నంతవరకూ భయం లేదు. మా ఊళ్లో వానాకాలమంతా మగవాళ్లు వంతులేసుకుని చెరువుగట్టు కింద నడిచేవారు. పైన కాదు, కింద. ఊటనీళ్ల రంగు చూడ్డానికి. రంగు మారిందంటే లోపల మట్టి కరిగి కొట్టుకొస్తోందన్నమాట. అప్పుడిక పారలు, గడ్డిమోపులు పట్టుకుని ఊరంతా పరిగెత్తేది. అక్కా బావా ఇద్దరిదీ ఆ ఊరే. ఇద్దరికీ ఇది పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలుసు.

కాంట్రాక్టరు భార్య ఆ ఊట చూసి గంగమ్మ వెలిసిందంది. అంతే. రాళ్లు పేర్చారు, ఎర్రగుడ్డ చుట్టారు, నిమ్మకాయలు కట్టారు. నేనూ గంగమ్మకి దండం పెట్టుకునేదాన్నే. కానీ గట్టు బాగుచేయించడం తప్పించుకోడానికి అమ్మవారిని అడ్డం పెట్టుకునేవాళ్లంటే నాకు మంట. కొన్నాళ్లకి ఆ నీళ్లు పచ్చబడ్డాయి. అమ్మ పసుపు దిగుతోందని జనం చెంబులతో వచ్చి పట్టుకెళ్లారు. మా అక్క ఆ నీళ్లు పిల్లల నెత్తిన చల్లింది.

నేను మల్కాపురంలో జాకెట్లు కుట్టుకునే మనిషిని, ఇంజనీరుని కాదు. అయినా చూస్తూ ఊరుకోలేక ఒక సోడాసీసాలో ఆ నీళ్లు పట్టాను. బావ పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మ తీర్తాన్ని సీసాలో పడతావేటి మరదలా? బాబుగారు సూత్తే నా ఉజ్జోగం పోద్ది."

"మన సెరువు గట్టు కింద ఇలాటి నీల్లొస్తే ఏటి సేసేవోరు బావా?"

బావ మెళ్లో ఈల సవరించుకున్నాడు. "అది ఊరి సెరువు. ఇది బాబుగారి సెరువు" అన్నాడు.

ఆదివారం బాబుగారి దగ్గరికే వెళ్లాను. సీసా అడుగున అప్పటికి మట్టి పేరుకుని ఉంది. ఇది బురద, గట్టు లోపల్నుంచి వస్తోంది, కింద మా అక్క పిల్లలున్నారు, ముందు ఆ అలుగు తెరిపించండి అని చెప్పాను. పక్కన ఆయన స్నేహితుడు, ఇంజనీరట, వేయించిన చేప తింటున్నాడు. కుర్చీలోంచి లేవకుండానే "సీపేజీ కామనేనమ్మా, ఊట లేని గట్టుండదు" అన్నాడు. బాబుగారు నవ్వి, "భక్తి ఉంటే భయం ఉండదు చెల్లెమ్మా" అని నాకు ప్రసాదం ఇప్పించాడు.

ఆ తర్వాత తుఫాను పట్టింది. పిలిస్తే అక్క రాదని తెలుసు. అందుకే వానలో బస్సెక్కి వెళ్లి, ఒంట్లో బాగోలేదు, వండిపెట్టే దిక్కు లేదని అబద్ధమాడి అక్కనీ పిల్లల్నీ మల్కాపురం తెచ్చుకున్నాను. బావ డ్యూటీ వదిలి రానన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అక్క నాకు మిరియాల చారు కాస్తుంటే, అక్కడ గట్టు అడుగునుంచి తెగింది. బావ పైన గేటు దగ్గర ఉన్నాడు కాబట్టి బతికాడు. ఇల్లు, మేకలు, కూరపాదులు ఏవీ మిగల్లేదు.

బాబుగారు జీపులో వచ్చి చూసి, ఎవరో అపచారం చేశారు, అమ్మకి కోపమొచ్చిందన్నాడు. ఎవరా అని ఊరు ఆలోచించింది. సీసా సంగతి బావే చెప్పాడు. వాళ్లంతా అనుకుంటే నాకేం, వెధవ ఊరు అనుకునేదాన్ని. కానీ ఆ మాట మా ఇంటిదాకా వచ్చిన సాయంత్రం అక్క నా ఎదురుగా కూచుని, "నువ్వు అమ్మని బురద అనకపోతే నా ఇల్లుండేదే సెల్లీ" అంది. పిల్లలు నా పక్కనే అన్నం తింటున్నారు. నాకు ఏడుపొచ్చింది, అక్కని చాచి కొట్టాలనీ అనిపించింది.

మరుసటి ఏడు గట్టు మళ్లీ లేచింది, అవే లారీలు, అదే మట్టి. ఈసారి గంగమ్మకి సిమెంటు గుడి కట్టించారు. అక్కావాళ్లకి ఆ గుడి పక్కనే, గట్టు కిందే జాగా ఇచ్చారు. బాబుగారి దయ అని అక్క అందరికీ చెప్పుకుందట. గృహప్రవేశానికి మల్కాపురంలో చాలామందిని పిలిచింది. నన్ను పిలవలేదు.