ముందు డిక్కీలో పుస్తెమట్టెలు

హాజరైనవి: పసుపు రంగు జర్మన్ స్పోర్ట్స్ కారు ఒకటి, రెండు తలుపులు, ఆరు సిలిండర్లు, డీజే బండి ఒకటి, పెండ్లి బస్సు ఒకటి, కారు రంగు కనబడనన్ని బంతిపూల దండలు. హాజరైనవారు: పెండ్లికొడుకు శ్రవణ్, మా మేనత్త కొడుకు, నాకు బావ, అతని తల్లి సత్తెమ్మ అత్త, కారు యజమాని యూసుఫ్ అన్న, పెండ్లికూతురు కావ్య, ఆమె తాత, తాత చేతిలో గొడుగు, రెండు వైపుల చుట్టాలు, అలసట ఎరుగని డాన్సు కుర్రాళ్లు, చివరగా నేను, మెకానికల్ ఇంజినీరింగ్ పట్టభద్రుణ్ణి. ఇంతమందిలో ఆ పెండ్లిని ఆపగల శక్తి ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడు తన శక్తిని ఏమాత్రం దాచుకోలేదు.

జరిగింది చెప్పే ముందు మీరు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఈ కారులో ఇంజన్ వెనుక ఉంటుంది, సామాను డిక్కీ ముందు ఉంటుంది. నా పరువు పోయింది ఆ ముందు డిక్కీలోనే.

కాలేజీ హాస్టల్లో తోటివాళ్లు గోడకు హీరోయిన్ల బొమ్మలు అంటించుకుంటే, నేను ఈ కారు ఇంజన్‌ను నిలువునా కోసి చూపించే బొమ్మ అంటించుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, చేతిలో పెద్దగా ఏమీ లేని కొద్దిమంది జర్మన్లు ఒక చవక కారు విడిభాగాలతో స్పోర్ట్స్ కారు చేశారు. చవక కారులో ఇంజన్ వెనుక ఉండేది కాబట్టి ఇందులోనూ వెనుకకే వచ్చింది. అక్కడ ఇంజన్ పెడితే మలుపులో కారు తోక తిప్పుతుందని లోకమంతా చెప్పింది. వాళ్లు వినలేదు. ఇంజన్‌ను అక్కడే ఉంచి, దానివల్ల వచ్చే ఒక్కో చిక్కునూ దశాబ్దాల తరబడి విప్పుకుంటూ పోయారు. చివరికి అదే సరైన చోటని లోకం చేత అనిపించారు. పట్టిన పట్టు విడవకుండా గెలవడం నాకు మహా నచ్చింది. నేనూ అదే పద్ధతి పాటించాను. తేడా ఏమిటంటే వాళ్లకు దశాబ్దాలు దొరికాయి, నాకు ముహూర్తం అడ్డొచ్చింది.

శ్రవణ్ బావకు భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం. యూసుఫ్ అన్న అక్కడ బొగ్గు టిప్పర్లు నడిపిస్తాడు, బావకు ప్రాణ స్నేహితుడు. ఆయన హైదరాబాదులో ఈ పాత కారు కొనడానికి సగం కారణం నా ఉపన్యాసాలే. స్నేహితుడి పెండ్లికి కారు తెచ్చి తానే నడుపుతానన్నాడు. నన్ను సాంకేతిక సలహాదారుగా వెనక సీట్లో కూర్చోమన్నాడు. ఆ వెనక సీటు జర్మన్లు ఎవరిని దృష్టిలో పెట్టుకుని చేశారో తెలియదు, నా మోకాళ్లు మాత్రం గడ్డానికి ఆనాయి.

పొద్దున జనగామలో బయలుదేరేటప్పుడు సత్తెమ్మ అత్త ఒక చిన్న చెక్కపెట్టెను చీర కొంగులో చుట్టుకుని బస్సు దగ్గర నిలబడింది. అందులో పుస్తెలు, మట్టెలు ఉన్నాయి. చనిపోయిన మా నాయనమ్మ కమ్మలు కరిగించి చేయించిన పుస్తెలు అవి.

"అత్తా, ఆ పెట్టె ఇటియ్యి."

"ఎందుకు బిడ్డా? నా ఒళ్లె పెట్టుకొని కూసుంట తీ."

"బస్సుల ఎవరెక్కుతరో ఎవరు దిగుతరో. కారు ముందు డిక్కీ ఇనుప బీరువా లెక్క. తాళంచెవి పెట్టే సందు కూడ ఉండదు. లోపల బటన్ నొక్కితే కరెంటుతోని తెరుచుకుంటది."

అత్త పెట్టెను ఇంకా దగ్గరికి హత్తుకుంది. "మరి కరెంటు పోతే?"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "అత్తా, గిది మన జనగామ కరెంటు కాదు. జర్మనోళ్లది. పోదు."

అత్త మనసొప్పక పెట్టె ఇచ్చింది. ఇచ్చాక కూడా చేతులు కొంతసేపు చాపే ఉంచింది. నేను దాన్ని ముందు డిక్కీలో బ్యాటరీ పక్కన, కారుతో వచ్చిన పుస్తకం మీద జాగ్రత్తగా పెట్టి మూత నొక్కాను. మూత ఎంత మెత్తగా మూసుకుందో వినమని అత్తకు రెండోసారి కూడా తెరిచి మూసి చూపించాను.

పెండ్లికూతురి ఊరు మహబూబాబాద్‌లో విడిది నుంచి ఫంక్షన్ హాలు ఆరు వందల మీటర్లు. డీజే మొదలైంది. కుర్రాళ్లు కారు ముందు దిగారు. బరాత్ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి, నడుమ ఎవరి మామనో భుజాల మీద ఎక్కించుకోవడం. రేసు మైదానం కోసం పుట్టిన కారు క్లచ్ మీద ఊగుతూ, చెప్పుల దుకాణం ముందు పావుగంట, మిర్చి బజ్జీల బండి ముందు ఇంకో పావుగంట నిలబడింది.

ఏదో కాలిన వాసన వచ్చింది. అది బజ్జీలది కాదు.

"క్లచ్ కాలుతున్నదిరా ఇంజినీరు," అన్నాడు యూసుఫ్ అన్న. ఆయన ముఖం వాడిపోయింది. "టిప్పర్ల గూడ గీ వాసన వస్తే నేను దిగి పారిపోత."

సలహాదారుకు సమయం వచ్చింది. "అన్నా, ఇంజన్ బంద్ చెయ్యి. న్యూట్రల్ వెయ్యి. పోరగాండ్లు తోస్తరు. తాళం మాత్రం ఆన్‌ల ఉంచు. లైట్లు, పాటలు, గాలి అన్ని నడుస్తయి."

"వారెవ్వా," అన్నాడు యూసుఫ్ అన్న. "చదువుకున్నోడు చదువుకున్నోడే."

నా జీవితంలో నాకు దక్కిన చివరి సాంకేతిక ప్రశంస అది.

కుర్రాళ్లు తోయడం మొదలుపెట్టారు. షేర్వానీలో ఉడికిపోతున్న బావ, "మస్తు ఉడుకపోస్తుందిరా," అంటే ఫ్యాన్ చివరిదాకా తిప్పించాను.

"ఈ లైట్లు బంద్ చెయ్యాల్నా?" అని అడిగాడు యూసుఫ్ అన్న.

"ఉండనియ్యి అన్నా. ఫొటోలల్ల బండికి కండ్లుండాలె."

మోకాళ్ల మధ్య నుంచే నేను చరిత్ర అందుకున్నాను. "బావా, తాళం చెవి తలుపు దిక్కు ఎందుకుందో ఎరుకేనా? పాత రేసుల డ్రైవర్లు ఉరికొచ్చి కారెక్కేటోళ్లు. ఒక చేత్తో తాళం తిప్పుకుంట, ఇంకో చేత్తో గేరు వేసేటోళ్లు. ఒక సెకను మిగులుతది."

బావ అద్దంలోంచి బయటికి చూశాడు. మేం ఇంకా బజ్జీల బండి దగ్గరే ఉన్నాం. "మిగిలిన సెకను ఏం జేసుకునేటోళ్లురా?" అన్నాడు.

హాలు గేటు కనబడేసరికి పాట గొంతు సన్నబడి, ముసలివాడి దగ్గులా అయి, ఆగిపోయింది. ఫ్యాన్ ఆగింది. బండి కళ్లు మూసుకుంది. డీజే మోతలో ఎవరూ పట్టించుకోలేదు. నేను గమనించాను గానీ, హాలు వచ్చేసింది కదా, ఇంకేం పనని అనుకున్నాను. ఎదుర్కోలు అయింది. బావను లోపలికి తీసుకుపోయారు. ముహూర్తానికి సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టించారు. పెండ్లికొడుకు, పెండ్లికూతురు ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

పంతులుగారు మైకులో అన్నారు, "పుస్తెమట్టెలు తీసుకరాండ్రి."

అత్త నా వైపు చూసింది. నేను యూసుఫ్ అన్న వైపు చూశాను. ఇద్దరం తొందరపడకుండా, పెద్దమనుషుల్లా కారు దగ్గరికి నడిచాం. ఆయన బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కాడు. పక్కకు జరిగి నన్ను నొక్కమన్నాడు, నా చదువుకు ఏమైనా లొంగుతుందేమోనని.

"బ్యాటరీ దిగింది అన్నా."

"దిగితే వేరే బ్యాటరీకి వైర్లు పెట్టు. ఏడున్నది నీ బ్యాటరీ?"

నేను మూత వైపు చూపించాను. "లోపల."

"మూత ఎట్ల తెరుస్తవ్?"

"బ్యాటరీతోని."

ఆయన మూతను అరచేత్తో తట్టి చూశాడు. "గట్లైతే పుస్తకం తియ్యి. అండ్ల రాసే ఉంటది."

"పుస్తకం గూడ లోపలనే ఉన్నదన్నా. పెట్టె దాని మీదనే పెట్టిన."

ఇంతలో కబురు హాలంతా పాకింది. కారును తోసి స్టార్ట్ చేద్దామని కుర్రాళ్లు గేటు దాకా, గేటు నుంచి వెనక్కి తోశారు. కరెంటు చుక్క లేని కారుకు ఎంత తోసినా తెలివి రాలేదు. ఎవరో గడ్డపార అన్నారు. ఆ మాట వినగానే యూసుఫ్ అన్న మూత మీద రెండు చేతులూ చాపి బోర్లా పడుకున్నాడు. "పెండ్లి అయితది, అల్లా అయ్యేటట్టు చూస్తడు. గడ్డపార మాత్రం తేవొద్దుర్రి," అన్నాడు బంతిపూలలోంచి.

పెండ్లికూతురు తాత గొడుగు ఊపుకుంటూ వచ్చాడు.

"ఏంది ముచ్చట? పుస్తె తెచ్చిన్రా, తేలేదా?"

"తెచ్చినం తాతా. గీ మూత కిందనే ఉన్నది."

"ముంగట ఇంజన్ ఉంటది గదా. ఇంజన్ల పెట్టిన్రా పుస్తెను?"

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే నా పాపం సగమే. నేను జేబులోంచి ఫోన్ తీశాను. హాస్టల్ గోడ మీది బొమ్మ అందులో ఉంది. "లేదు తాతా, ఇంజన్ వెనుక. జర చూడుర్రి. బరువు వెనక చక్రాల మీద పడ్తది, గట్ల నేల మీద పట్టు దొరుకుతది."

తాత బొమ్మను చూశాడు, నన్ను చూశాడు. "నా మనుమరాలు ఆడ నెత్తి మీద చెయ్యి పెట్టించుకొని కూసున్నది. నువ్వు నాకు చక్రాలు చూపెడ్తున్నవ్." వెనక్కి తిరిగి చుట్టాలకు వినబడేలా అన్నాడు, "పిల్లగాన్ని బయట పెట్టి తెచ్చిన్రు, పుస్తెను బందీఖానల పెట్టి తెచ్చిన్రు."

నేను అక్కడే నిలబడ్డాను. లోపలికి పోయే ముఖం లేదు. కిటికీలోంచి చూస్తే సత్తెమ్మ అత్త లేచింది. నన్ను తిట్టడానికే వస్తుందనుకుని మెడ వంచాను. ఆమె రాలేదు. పేరంటాళ్ల పళ్లెంలోంచి ఒక పసుపు కొమ్ము ఏరి, పసుపు దారానికి కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసి పంతులుగారికి ఇచ్చింది.

"పుస్తె ఎన్కకొస్తది. పిల్లను ఎంతసేపు కూసోపెడ్తరు?" అంది. గొంతు గట్టిగానే ఉంది. కొంగు మాత్రం కళ్ల దగ్గరికి పోయింది. తన తల్లి కమ్మలు కోడలి మెడలో పడే క్షణం కోసం ఆమె బస్సులో ఒళ్లో పెట్టుకుని తెద్దామనుకున్న పెట్టె అది. దాన్ని నేను లాక్కున్నాను, మూత మెత్తగా మూసుకుంటుందని.

బావ పసుపు కొమ్ము కట్టాడు. అక్షింతలు పడ్డాయి. నా మీద ఒక్కటీ పడలేదు.

భోజనాల వేళకు యూసుఫ్ అన్న మూత మీది నుంచి తల ఎత్తి అడిగాడు, "ఫోన్ల గాలించినవా?"

గాలించలేదు. అంతసేపూ ఫోను నా చేతిలోనే ఉంది. అప్పుడు వెతికితే, మొదట వచ్చిన సమాధానంలోనే ఉంది: డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్యూజుల డబ్బాలో ఒక చిన్న లోహపు ముక్కను బయటికి లాగి, వేరే బ్యాటరీ వైరు ఒకటి దానికి, ఇంకొకటి తలుపు దగ్గరి ఇనుముకు తగిలించాలి. కేసముద్రం మార్కెట్‌లో మక్కలు దించి వస్తున్న ట్రాక్టరును ఆపాం. రెండు వైర్లు తగిలించాం. మూత 'టక్' మని తెరుచుకుంది, ఏమీ జరగనట్టు, ఎంతో మెత్తగా.

పుస్తెలు కట్టడం రెండోసారి జరిగింది. ఈసారి కావ్య తలెత్తి నన్ను వెతికి పట్టుకుని మెల్లగా అంది, "తమ్మీ, ఒక్కటే పిల్లగాడు ఒక్కటే దినం నాకు రెండుసార్లు కట్టిండు. నీ పుణ్యమే."

ఇప్పటికీ ఏ శుభకార్యానికి పోయినా, నన్ను చూడగానే సత్తెమ్మ అత్త చేతిసంచిని ఒళ్లోకి లాక్కుని రెండు చేతులూ దాని మీద పెడుతుంది. నవ్వుతుంది, అన్నం పెడుతుంది, చేతులు మాత్రం తీయదు. యూసుఫ్ అన్న క్లచ్ మార్పించాడు, నా పేరు కూడా మార్చాడు. ఆయన ఫోనులో ఇప్పుడు నా పేరు 'బ్యాటరీ'.

కాబట్టి మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ తల్లి ఒళ్లోంచీ ఏ పెట్టె తీసుకోను. కరెంటు పోతే ఏం చేస్తావని అడిగినవారిని చూసి నవ్వను. గొడుగు పట్టుకున్న తాతలకు బొమ్మలు చూపించను.

ఆ కారు గరిష్ఠ వేగం గంటకు రెండు వందల ఎనభై కిలోమీటర్లు. మా బరాత్ ఆరు వందల మీటర్లకు గంటన్నర తీసుకుంది. సరాసరి వేగం: గంటకు నాలుగు వందల మీటర్లు.