నరం మీద పడ్డ బరువు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా ఇంట్లో మగ్గం నేసేది మా పెద్దమ్మ. చాలా సన్నటి మనిషి. ఒక ఏడు గర్భసంచి తీయించుకోవడానికి ఆదోనిలో ఒక ఆసుపత్రిలో చేరింది. తోడుగా అమ్మ వెళ్తే, బడికి సెలవులు కనుక నేనూ వెళ్లాను.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మర్నాడు మంచం దిగబోయిన పెద్దమ్మ, కుడి మోకాలు నిలవక కింద కూలిపోయింది. తొడ మీద గిల్లినా తెలియడం లేదంది. "ఊరికే భయపడతాండావులే అక్కా" అని ఆయా నవ్వింది. చూడవచ్చిన పెదనాన్న కూడా, "నడవాలని మనసుంటే కాలు అదే వస్తాది" అని విసుక్కున్నాడు. పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "నాకేమన్నా పిచ్చి పట్టిందేమే?" అని అమ్మను మెల్లగా అడగడం నేను విన్నాను.

సాయంత్రం ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ వచ్చింది. తొడ మీద దూదితో రాసి చూసింది, మోకాలు చాచమంది. కాలు చాచుకోలేదు. డాక్టరమ్మ ఆ మంచం మీదే కూర్చుండిపోయింది. బిక్కమొహంతో చూస్తున్న నన్ను దగ్గరికి పిలిచి, నా మోచేతిని మంచం ఇనుపచువ్వ మీద ఆనించి కాసేపు అదిమిపట్టింది. వేళ్లు తిమ్మిరెక్కాయి.

"కడుపు తెరిచి పట్టుకునేదానికి లోపల ఇనుప రెక్కలు పెడతాం పాపా. మీ పెద్దమ్మ సన్నగా ఉంది కదా, ఆ రెక్క అంచు లోతుకు పోయి కాలి నరాన్ని ఇట్లే నొక్కింది. మధ్యలో వదులు చేసి చూడాల్సింది. నేను చూడలేదు." తర్వాత పెద్దమ్మ వైపు తిరిగింది. "తప్పు నాదమ్మా. నీ మనసుది కాదు."

పెదనాన్న కేకలేశాడు. ఆమె తల దించుకుని విన్నది. పెద్దమ్మ మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నువ్వన్నా నిజం సెప్పినావు కదమ్మా. అబద్ధమాడతాండానని అందరూ అనిరి" అంది.

నెలలు గడిచాక కాలికి కొంత బలం వచ్చింది, పూర్తిగా రాలేదు. కాళ్లతో తొక్కుతూ నేసే మగ్గం గుంటలోకి మళ్లీ దిగలేకపోయింది. కర్ర పట్టుకుని గడప దాకా వచ్చి, పక్కింటి మగ్గం చప్పుడు వింటూ నిలబడేది. కొన్నేళ్లు అలాగే ఉండి, చివరికి కన్నుమూసింది.

పెరిగి నేనూ కత్తి పట్టే డాక్టరునే అయ్యాను. సన్నటి మనిషి బల్ల మీద ఉంటే ఇప్పటికీ పొట్టి ఇనుప రెక్కలే అడుగుతాను. వాటి కింద తడిగుడ్డ మడతపెట్టి, అంచు ఆ నరం ఉండే పక్క కండను నొక్కడం లేదని వేళ్లు దూర్చి తడుముతాను. ఎంత తొందరైనా మధ్యలో వదులు చేస్తాను. కుర్ర డాక్టర్లు గడియారం చూసుకుంటారు, చూసుకోనీ. మర్నాడు నొప్పి సంగతి అడగకముందే, కాలికి నా అరచెయ్యి అడ్డం పెట్టి తొయ్యమంటాను. ఆ కాలు నా చేతిని నెట్టేదాకా నా గుండె కుదుటపడదు.