మూడు కొట్ల కంప్యూటర్

పాలకొల్లులో మాది స్టీలు సామాన్ల కొట్టు. ఏ సరుకైనా ఒకే చోట కొనకూడదన్నది మా ఇంటి వేదం. అన్నీ ఒకడి దగ్గరే కొంటే వాడు మనల్ని చుట్టం అనుకుంటాడు, చుట్టం కాబట్టి బేరమాడడని ధైర్యంగా రేటు వేస్తాడు అనేవాడు నాన్న. అందుకే అక్కకి కంప్యూటర్ కొనాల్సి వచ్చినప్పుడు నేను రాజమండ్రిలో మూడు కొట్ల మధ్య కాళ్ళరిగేలా తిరిగి ముక్కలు ముక్కలుగా కొన్నాను. మదర్‌బోర్డు ఒకచోట, హార్డ్‌డిస్కూ, అన్నీ బిగించే డబ్బా క్యాబినెట్టూ ఇంకోచోట, మానిటరూ ర్యామూ మూడోచోట. ప్రతి కొట్లోనూ పక్క కొట్టువాడి రేటు చెప్పి దించాను. మెమొరీ చాలడం లేదని అక్క అంటే, తర్వాత ఇంకో ర్యామ్ ముక్క మొదటి కొట్లో కొని, దాంతోపాటు మౌసు ఊరికే ఇప్పించుకున్నాను. ఆ మౌసు సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను.

అప్పటికి అక్క వాళ్ళాయనతో పొసగక మా ఇంటికి వచ్చేసి కొన్నాళ్ళయింది. ఎవరూ ఏమీ అనలేదు. మా ఇంట్లో అనకపోవడం కూడా ఒక రకంగా అనడమే. "కొట్లో కూర్చుని బిల్లులు రాసుకో అమ్మా, నీకేం లోటు" అన్నాడు నాన్న. అక్కకి అది ఇష్టం లేదు. కొట్లో కూర్చోవడమంటే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కనబడేలా పుట్టింట్లో మిగిలిపోవడం. డీటీపీ నేర్చుకుని, మేడమీద గదిలో శుభలేఖలూ కరపత్రాలూ టైపు చేసేది. తన చీర తను కొనుక్కునేది. రాజమండ్రి ప్రెస్సాయన ఒకాయన ఆమె పని చూసి పదో తరగతి గైడు ఇచ్చాడు. ఇది బాగా చేస్తే ఏడాది పొడుగునా పనికి కరువుండదన్నాడు. చేయలేకపోతే కింద కొట్లో కుర్చీ ఉండనే ఉంది.

గైడు సగమయ్యాక ఆయన ఫోన్ చేశాడు. ప్రెస్సులో కొత్త విండోసూ, కొత్త తెలుగు సాఫ్ట్‌వేరూ పెట్టారట. మన ఫైళ్ళు అక్కడ తెరిస్తే అక్షరాలు చెదిరిపోయి వస్తున్నాయట. మీరూ మారిపోండి, బళ్ళు తెరిచేలోగా పుస్తకం బజార్లో ఉండాలి అని సీడీలు పంపించాడు.

అప్పటిదాకా అయిన గైడుని అక్క ఫ్లాపీల్లోకి ఎక్కించుకున్నాక సీడీ పెట్టాను. నీలం తెర మీద ఫైళ్ళు ఒక్కొక్కటే కాపీ అవుతూ సగంలో ఆగాయి. ఫలానా ఫైలు కాపీ కాలేదంది. సీడీ తీసి బనీనుతో తుడిచి మళ్ళీ పెట్టాను. ఈసారి ఇంకో ఫైలు పేరు చెప్పింది. మూడోసారి దానంతటదే ఆగి మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. ఇక పాత విండోసూ లేదు, కొత్తదీ రాలేదు.

అక్క వెనక నిలబడి చూస్తోంది. "పాతదైనా వస్తుందంటావా?"

"వస్తుందిలే అక్కా. ఎక్కడికి పోతుంది?"

"నాకు పని పోతుందిరా."

మర్నాడు క్యాబినెట్‌ని పాత దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని రాజమండ్రి బస్సెక్కాను. సిద్ధాంతం బ్రిడ్జి దాటాక పక్కాయన ఉండబట్టలేక అడిగాడు.

"పిల్లాడికి ఒంట్లో బాలేదాండీ?"

"కంప్యూటరండి."

"ఓహో. ఊపిరాడదేమోనని చూస్తున్నానండి ఇందాకట్నించీ."

మదర్‌బోర్డు కొట్టాయన క్యాబినెట్ మూత తీసి లోపలికి తొంగిచూశాడు. "హార్డ్‌డిస్కు మాది కాదేంటండి? కాపీ కావట్లేదంటే దాంట్లోనే ఉంటుంది. వాళ్ళకే చూపించండి." హార్డ్‌డిస్కు కొట్టాయన తీగలు తగిలించి చూసి, డిస్కు శుభ్రంగా ఉంది, ర్యామ్ చూపించుకోండి అన్నాడు. మూడో కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు. అదే నా ఖర్మ.

"మా ర్యామ్ పక్కన ఎవరిదో ర్యామ్ పెట్టారు కదండీ! ఆ ముక్క అమ్మినాయన్ని అడగండి. అవతలాయన ఎంత తక్కువకిస్తున్నాడో ఆ రోజు మీరే చెప్పారుగా."

"చూసిపెట్టండి, ఎంతో కొంత ఇస్తాను."

"డబ్బు మాట కాదండి."

మా వ్యాపారంలో ఆ మాట వచ్చిందంటే బేరం చచ్చిపోయినట్టే. మా కొట్లో కుక్కర్ కొని, విజిల్ బయట మార్పించుకుని, ఆవిరి పోతోందని తిరిగొచ్చినవాళ్ళతో నాన్న అచ్చం ఇదే గొంతుతో అనేవాడు: "విజిల్ ఎక్కడ కొన్నారో కుక్కరూ అక్కడే చూపించుకోండి." నాన్న లేనప్పుడు నేనూ అనేవాణ్ణి, ఇంకాస్త మర్యాదగా. నా కంప్యూటర్‌కి మేనమామలు ముగ్గురున్నారు, తండ్రి మాత్రం లేడు. మళ్ళీ దుప్పటి చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

తర్వాత రోజులన్నీ ఒకేలా గడిచాయి. ఒక తీగ పీకడం, సీడీ పెట్టడం, ఎక్కడ ఆగుతుందో చూడడం. ప్రెస్సాయన ఫోన్ చేసినప్పుడల్లా రేపంటే రేపన్నాను. అక్క మొదట్లో పక్కనే కూర్చునేది. తర్వాత తలుపు దగ్గర నిలబడేది. తర్వాత రావడం మానేసింది. చివరికి తీయడానికి ఇంకేమీ మిగలక, మౌసుతోపాటు వచ్చిన రెండో ర్యామ్ ముక్క పీకాను. ఈసారి ఫైళ్ళు ఆగకుండా నడిచాయి. ఆ ముక్కలోని తప్పుని పాత విండోసు చూసీచూడనట్టు పోయేది. కొత్తది, కొత్తగా చేరిన గుమాస్తాలాగా, ఏ తప్పునీ పోనివ్వలేదు.

అది నడుస్తుండగానే కింద కొట్లో ఫోన్ మోగింది. పరిగెత్తాను. ప్రెస్సాయనే.

"ఏంటండీ, మీ రేపు ఎప్పుడొస్తుంది? తణుకులో ఒకాయన ఖాళీగా ఉన్నాడు. మిగతా సగం ఆయనకిచ్చేయనా?"

"అయిపోయిందండీ, ఎక్కుతోంది. పోనీ సగంలో సగమైనా ఉంచండి."

"అది కాదండీ..."

"పేజీకి మీరెంతంటే అంతకే చేస్తుందండి."

"అది కాదండీ బాబూ..."

రెండుసార్లు అది కాదన్నవాడు మూడోసారికి దిగొస్తాడు. నాకు పుట్టుకతో వచ్చిన చదువు అది. ఇంకొక్క మాట నోట్లో సిద్ధంగా ఉంది. ఇంతలో అక్క మెట్లు దిగొచ్చి నా చేతిలోంచి రిసీవర్ తీసుకుంది.

"నమస్కారమండి. ఆయనకే ఇచ్చేయండి. అయినంతవరకూ ఫ్లాపీల్లో పంపిస్తాను." పెట్టేసింది.

"పిచ్చేంటే నీకు? దిగొస్తున్నాడు! ఇంకో మాటంటే ఇచ్చేవాడు."

"ఇచ్చేవాడేరా. వచ్చే గైడుకి మళ్ళీ అడగాలి. దాని తర్వాతదానికీ అడగాలి. నాకు అడగడం రాదు. ప్రతిసారీ నువ్వు అడిగిపెడతావా?"

"పెడతాను."

"అదేరా నాకొద్దనేది," అంది అక్క.

గల్లాపెట్టె దగ్గర నాన్న మా ఇద్దరివంకా చూసి, చిల్లర లెక్కపెట్టుకోసాగాడు. నేను పైకెళ్ళేసరికి కంప్యూటర్ సిద్ధంగా ఉంది. తెరనిండా పచ్చటి గుట్ట, దాని మీద నీలం ఆకాశం, ఎక్కడా మనిషి లేడు. అన్నీ పనిచేస్తున్నాయి. తెలుగు సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే అక్షరాలు కూడా వచ్చాయి. ఎవరికి చెప్పాలో తెలియక ఆపేశాను.

మర్నాడు పొద్దున అక్క తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కొట్లోకి వచ్చింది. నాన్న కుర్చీ దులిపి ఇచ్చాడు. "ఆ మేడమీది కంప్యూటర్ కిందికి దించుదామా అమ్మా? బిల్లులు దాంట్లో కొట్టుకోవచ్చేమో" అన్నాడు, మంచిమాట ఏదో ఒకటి అనాలని.

"వద్దు నాన్నా. చేత్తో రాస్తాను," అని అక్క బిల్లు పుస్తకం ముందుకు లాక్కుంది.