ఐలవ్వ చెప్పని ముక్క

ఇది ఐలవ్వ సంగతి. ఇందులో జరిగిన తప్పులో నాకూ వాటా ఉంది కాబట్టి ముందు నా గురించి రెండు మాటలు చెబుతాను. నా పేరు యాదలక్ష్మి. సిద్దిపేటలో మా గల్లీకి, పక్కనున్న మరో రెండు గల్లీలకు నేనే ఆశా కార్యకర్తను. పదకొండేళ్ళుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాను. నాకు కోపమెక్కువని అంటారు, నిజమే. గోలీలు ఇంట్లో పెట్టుకొని మింగనివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈ కథ రాయడానికి ఐలవ్వనూ, సింధుజనూ ఇద్దరినీ అడిగాను. రాయమన్నారు.

ఐలవ్వకు యాభై ఆరేళ్ళుంటాయి. పుట్టిల్లు చింతమడక దగ్గరి పల్లె. తండ్రి బాలయ్య కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. ఆయన చెట్టెక్కినప్పుడు తల్లి కిందే నిలబడేదట గానీ పైకి చూసేది కాదట, నేల చూస్తూ ఉండేదట. ఆ ఇంట్లో భయాన్ని నోటితో అనకూడదు. అంటే అది నిజమైపోతుందని వాళ్ళ నమ్మకం. బాలయ్య ఏ చెట్టు మీదినుంచీ పడలేదు, ముసలితనం వచ్చి మంచంలోనే పోయాడు. అయినా ఆ అలవాటు మాత్రం కూతురికి వచ్చింది.

తొమ్మిదో ఏట ఒళ్ళో బీడీల చాట పెట్టుకుంది ఐలవ్వ. పెళ్ళయి సిద్దిపేటకు వచ్చాక కూడా అదే చాట. భర్త సిద్ధయ్య మార్కెట్ యార్డులో హమాలీ. ఆయన గుండె ఆగి పోయేనాటికి కొడుకు రత్నాకర్ ఎనిమిదో తరగతి. బీడీలు చేస్తూనే కొడుకును చదివించింది. ఆ రత్నాకరే నాలుగేళ్ళ కింద బస్టాండు దగ్గర ఒక మడిగె కిరాయికి తీసుకొని టిఫిన్ సెంటర్ పెట్టాడు. పిండి రుబ్బడం, పల్లి చట్నీ చేయడం ఐలవ్వ వంతు. ఆ చట్నీ కోసం జనం హుస్నాబాద్ బస్సును కూడా వదులుకుంటారని రత్నాకర్ గొప్పలు పోతాడు. నేనూ తిన్నాను. బస్సు వదులుకునేంత లేదుగానీ బాగుంటుంది.

రెండేళ్ళ కింద ఐలవ్వకు టీబీ వచ్చింది. ఇక్కడి దవాఖానకు పోతే ఎవరైనా చూస్తారని హుస్నాబాద్‌లో ఉన్న చెల్లెలింటికి పోయి పరీక్ష చేయించుకుంది. అడ్రసు మా గల్లీది కావడంతో ఆ కాగితం తిరిగి తిరిగి నా చేతికే వచ్చింది. నన్ను గుమ్మంలో చూసి ఆమె ముఖం తెల్లబోయింది. రెండు చేతులూ పట్టుకొని, "నా కొడుకు దుకాణం మూతపడ్తది యాదమ్మా, నీ కాళ్ళు మొక్కుత" అంది. నేనెవరికీ చెప్పలేదు. ఈ జబ్బు గాలితో అంటుతుందిగానీ తిండితో అంటదు. అయినా జాగ్రత్త మంచిదని మొదటి రెండు నెలలు పొయ్యి దగ్గరికి పోవద్దన్నాను. కొడుక్కు నడుము నొప్పి అని చెప్పింది. ఆ కొడుక్కేమో దుకాణం లైసెన్సుకు కావాలని నేను అబద్ధం చెప్పి ఎక్స్‌రే తీయించాను. శుభ్రంగా ఉంది. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా గోలీలు మింగింది ఐలవ్వ. నయమైపోయింది.

పోయిన ఏడాది మాకు ఒక శిక్షణ పెట్టారు. సతీశ్ అని మానసిక ఆరోగ్యం చూసే కౌన్సెలర్ ఒకతను వచ్చాడు. ఆడవాళ్ళను వారానికొకసారి కూర్చోబెట్టండి, ఒక్కొక్కరు తమ బతుకులో జరిగిందేదైనా చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి, సలహా మాత్రం ఇవ్వకూడదు, చివర్లో ఎవరి మనసులో ఏది నిలిచిందో చెప్పాలి అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా గల్లీ ఆడవాళ్ళు సలహా ఇవ్వకుండా ఉండటమా? అయినా చేసి చూద్దామనుకున్నాను. ఐలవ్వ ఇంటి ముందు రేకుల షెడ్డులో ఎట్లాగూ మధ్యాహ్నం ఏడెనిమిది మంది బీడీలు చేస్తూ కూర్చుంటారు. అక్కడే మొదలుపెట్టాను. కథ చెప్పేవాళ్ళ చేయి ఎట్లాగూ నెమ్మదిస్తుంది కదా, అందుకని ఆడవాళ్ళే ఒక శిక్ష పెట్టుకున్నారు: సలహా ఇచ్చినవాళ్ళు, చెప్పేవాళ్ళ కోసం పాతిక తునికాకులు కత్తిరించి ఇవ్వాలి. మొదటి నెలంతా ఎదురింటి కనకవ్వ కత్తెర కింద పెట్టలేదు.

మెల్లగా మాటలు మారాయి. చనిపోయిన బిడ్డ గురించి ఒకామె, తాగి కొట్టే మొగుడి గురించి ఒకామె చెప్పారు. విన్నవాళ్ళు ముక్కు చీదుకొని మళ్ళీ ఆకు చుట్టేవాళ్ళు. కొందరికి రాత్రి నిద్ర పడుతోందని చెబితే నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వంలోనే ఒకరోజు ఐలవ్వను పక్కకు పిలిచి, "నీది కూడా చెప్పు చిన్నమ్మా, నీ లెక్క దగ్గుకుంట దాచుకునేటోళ్ళు ఇంకా ఉన్నరేమో" అన్నాను. ఆమె వద్దని రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"పేరు మార్చి చెప్పు. ఊరు మార్చు. ఎవరికి తెలుస్తది?" అన్నాను. ఆ మాట నాదే.

అలా పుట్టింది హుస్నాబాద్ రాజవ్వ. ఆమెకు కొడుకు లేడు, రెండు బర్రెలున్నాయి. దగ్గు, చెమటలు, బరువు తగ్గడం, దవాఖాన మెట్ల మీద కాళ్ళు రాకపోవడం, మొదటి గోలీల పూట వాంతి, ఆర్నెల్ల తర్వాత డాక్టర్ నవ్వడం, అన్నీ చెప్పింది ఐలవ్వ. ఎంత బాగా చెప్పిందంటే నాకే రాజవ్వ కళ్ళముందు కనిపించింది. ఒక్క ముక్క మాత్రం వదిలేసింది. ఆ గోలీలకు మూత్రం ఎర్రగా వస్తుంది. అందులో భయపడాల్సిందేమీ లేదు, మందు రంగు అంతే. కానీ ఐలవ్వకు అలా వచ్చినప్పుడు ఉమ్మడి మరుగుదొడ్డిలో పక్కింటివాళ్ళు చూసి అడిగితే, వేడి చేసిందని తనే గల్లీ అంతటికీ చెప్పింది. ఒకరు సబ్జా గింజలిచ్చారు, ఒకరు కొబ్బరి బోండాలు తెచ్చారు. ఇప్పుడు రాజవ్వకూ ఎర్రగా వచ్చిందంటే, రాజవ్వ ఎవరో ఏడుగురికీ అక్కడికక్కడే తెలిసిపోయేది. ఆ ముక్క తప్పించడం నేను గమనించాను. చిన్నదే కదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున కనకవ్వ కోడలు సింధుజ మా ఇంటికి వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఇంట్లో జాకెట్లు కుడుతుంది. షెడ్డులో ఒక మూల కూర్చొని వినేదే తప్ప ఎప్పుడూ నోరు విప్పలేదు.

"అక్కా, నాక్కూడ నెల సంది దగ్గు. గా రాజవ్వ నిజంగ బతికే ఉన్నదా?"

"బతికే ఉంది."

"అయితే నాకు పరీక్ష చేయించు."

టీబీ అని తేలింది. గోలీలు మొదలుపెట్టాం. కథ వల్ల ఒక ప్రాణం నిలబడిందని నేను సంబరపడ్డాను. సరిగ్గా నెల తర్వాత వాళ్ళింటికి పోయి పెట్టె తెరిస్తే, పదకొండు రోజుల గోలీలు అట్లే ఉన్నాయి. సగంలో ఆపితే ఆ జబ్బు మొండికెక్కుతుంది, అప్పుడు ఈ మందులు పనిచేయవు. అలాంటి ఒకతన్ని నేను చూశాను. ముప్పై ఏళ్ళు కూడా లేవు, చివర్లో మంచం మీద దుప్పటి పరిచినట్టే ఉన్నాడు. ఆ ముఖమే గుర్తొచ్చింది.

"ఎందుకు ఆపినవ్ బిడ్డా?"

"రక్తం పోతుందక్కా. మూత్రంల. తగ్గుతదని గిన్ని దినాలు చూసిన. నా లోపల ఏందో పగిలింది."

"అది రక్తం కాదు, గోలీ రంగు. మొదటి రోజే చెప్పిన గదా నీకు!"

"నువ్వు సర్కారు మనిషివి, గోలీలు మింగిపియ్యాలె గాబట్టి అట్లనే అంటవ్. రాజవ్వ కత మొత్తం నాకు యాదికున్నది. ఆమెకు ఎర్రగ పోలే. నాది గా రోగం కాదక్కా, ఇంకేందో. నేను బతుక."

నేను మొదటి రోజు చెప్పింది ఆ పిల్ల చెవిన పడి పోయింది. ఐలవ్వ చెప్పింది మాత్రం లోపల కూర్చుంది. కథలో లేనిది లోకంలోనే లేదనుకుంది. అక్కడినుంచి నేరుగా ఐలవ్వ దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆమె చేతిలోని ఆకు చినిగిపోయింది.

"నావల్ల గాదు యాదమ్మా. కనకవ్వ ఇంట్ల ఒక్క మాట అంటే బస్టాండు దాక పోతది. టీబీ మనిషి చట్నీ అంటే ఎవడు తింటడు? వాడు పోయిన నెలల్నే కొత్త గ్రైండర్ కిస్తుల మీద తెచ్చిండు."

ఆమె మీద నాకు కోపం రాలేదు. నామీద నాకే అసహ్యమేసింది. నేను నోరు విప్పితే ఐలవ్వకు ఇచ్చిన మాట పోతుంది, విప్పకపోతే సింధుజ పోతుంది. రోజూ పోయి బతిమాలేదాన్ని, తిట్టేదాన్ని. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకునేది. ఆశ అని నా ఉద్యోగానికి పేరు పెట్టినవాళ్ళు ఆ నాలుగు రోజులు నన్ను చూసి ఉంటే మార్చేసేవాళ్ళు. ఐదో రోజు దగ్గులో నిజంగానే రక్తం పడింది. కనకవ్వ బెదిరిపోయి, "రేపు గజ్వేల్ల వాళ్ళ తల్లిగారింటికి తోలిస్త, గాడ ఎవరో వేడికి ఆకు పసరు పోస్తరట" అంది. పసరు తాగి పడుకుంటే ఎన్నాళ్ళుంటుందో నాకు తెలుసు. పోతూ పోతూ ఐలవ్వకు ఆ సంగతి మాత్రం చెప్పి, ఇంకేమీ అడగకుండా వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఐలవ్వ షెడ్డులో లేదు. సింధుజ గదిలో ఉందని తెలిసి పరుగెత్తాను. మంచం పక్కన నేల మీద కూర్చొని ఉంది.

"గా రాజవ్వను నేనే బిడ్డా. నాకు గూడ ఎర్రగనే అయింది. సిగ్గయి చెప్పలే" అంటోంది.

సింధుజ తల అడ్డంగా ఊపింది. "నన్ను ఊకుంచేటందుకు అంటున్నవ్ పెద్దమ్మా. ఈ అక్క తోలిచ్చింది నిన్ను. రాజవ్వకు కొడుకే లేడు. బర్రెలున్నయ్. నీకేడివి బర్రెలు?"

నేనూ ఐలవ్వా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మేమిద్దరం కలిసి అంత గట్టిగా కట్టిన అబద్ధం, ఇప్పుడు విప్పుదామంటే రావడం లేదు. ఐలవ్వ దగ్గర చూపించడానికి కాగితం ముక్క కూడా లేదు, నయమైన రోజే అన్నీ పొయ్యిలో వేసింది. నా దగ్గర కాగితాలున్నాయిగానీ, నా మాటే నమ్మని పిల్ల నా కాగితాలు నమ్ముతుందా?

గుమ్మంలో కనకవ్వ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఐలవ్వ ఆమెను చూసింది. చేతులు చీర కుచ్చిళ్ళలో దాచుకుంది. లేచి పోతుందనుకున్నాను, పోయినా నేను తప్పు పట్టేదాన్ని కాదు.

"కనకవ్వా, రెండేండ్ల కింద ఎండకాలం నాకు వేడి చేసిందని, ఎర్రగ పోతుందని చెప్తే, నువ్వు బార్లీ నీళ్ళు కాసి ఇంటికి తెచ్చినవ్. యాదికున్నదా?"

"ఉన్నది" అంది కనకవ్వ. "వారం దినాలు తెచ్చిన. ఎంత తాగినా తగ్గకపాయె." ఆ తర్వాత అర్థమైంది ఆమెకు. నోటి మీద కొంగు పెట్టుకుంది. "అంటే గప్పుడు నీకు..."

"ఆఁ. టీబీయే. వేడి గాదు."

సింధుజ మోచేతి మీద లేచి ఐలవ్వను తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"గా ఎరుపు చూసినప్పుడు భయం గాలేదా పెద్దమ్మా?"

"అయింది బిడ్డా. సచ్చిపోత అనుకున్న. ఇప్పుడు గంతకన్న ఎక్కువ భయమైతుంది."

సింధుజ ఆమె కుచ్చిళ్ళలో దాచుకున్న చేతులనే చూసింది. తర్వాత నావైపు చేయి చాపింది. గోలీలు ఇచ్చాను. మూడు గుక్కల్లో మింగింది. ఆ సాయంత్రమే ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. కఫం మళ్ళీ పరీక్షకు పంపారు. పాత మందులే పనిచేస్తాయని తేలడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ నేను అన్నం సరిగా తినలేదు. మందులు పనిచేశాయి. సింధుజ గోలీలు మింగడం ఇప్పుడు నాలుగో నెల.

ఐలవ్వ బయటపెట్టిన సంగతి మాత్రం ఆ రోజు రాత్రికే గల్లీ దాటింది. కనకవ్వ నోటినుంచే పోయిందని నేను అనను, కాదని కూడా అనను. మర్నాడు ఏడింటికి నేను భయపడుతూనే టిఫిన్ సెంటర్‌కు పోయాను. రోజూ నిలబడటానికి జాగా ఉండని చోట ముగ్గురే ఉన్నారు. ఒకతను చట్నీ వద్దని కారప్పొడి వేయించుకున్నాడు. రత్నాకర్ ముఖం చూడటానికి ధైర్యం చాలక వెనక్కు పోయాను. అక్కడ ఐలవ్వ పిండి గిన్నె పక్కన నిలబడి ఉంది. రత్నాకర్ చేతిలో గరిటెతోనే వెనకాల వచ్చాడు.

"గప్పుడు నడుము నొప్పని పండుకుంటే నిన్ను ఏమన్ననో యాదికున్నదా?" అన్నాడు తల్లితో. "పనికి దొంగవన్న. గిరాకీల ముంగట అన్న. నెలల తరబడి అన్న. ఒక్కసారన్న నోరు ఇప్పకపోతివి." గరిటె పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ గోడవైపు తిరిగాడు. ముందు ఎవరో రెండు ఇడ్లీ అని పిలుస్తున్నారు. వాడు కదలలేదు.

ఐలవ్వ నా చేయి పట్టుకుంది.

"వాడు తిడ్తడనే గిన్ని దినాలు భయపడ్డ యాదమ్మా" అంది మెల్లగా. "ఏడుస్తడనుకోలే."